పలుకు

చీమకుర్తిలో లారీ టైర్ల కొట్టు మీద
నా గిటారు బడి.
ఎక్కే ప్రతి చెప్పూ మెట్ల మీద
బూడిదరంగు పిండి ముద్ర వేసి పోతుంది.
ఊడవను. రేపు మళ్లీ పడేదే.

సోమవారం, డ్యూటీ దిగి వచ్చాడు మాలకొండయ్య.
నాకంటే పదహారేళ్లు పెద్ద. మేడం అంటాడు.
క్వారీలో వైరుసా మిషను నడుపుతాడు.
వజ్రపు పూసలు గుచ్చిన తీగ అది,
నీళ్లు తాగుతా తాగుతా
కొండని నిలువునా కోసుద్దంట.
గిటారు చేతికిస్తే తిప్పి తిప్పి చూసి
సన్నతీగని గోటితో మీటి అడిగాడు:
"ఇది దేన్ని కోసుద్ది మేడం?"

వేళ్లని, అన్నాను. మొదటి నెలంతా వేళ్లనే.
తన వేళ్లు చాపి చూపించాడు.
కోయడానికి అక్కడేం మిగల్లేదు.

ఒక చెవిని డ్రిల్లింగు తీసుకుంది. రెండోది సగం.
అందుకని గిటారు భుజానికి దవడ ఆనించి
ఎముకతో వింటాడు.
నా ఫోనులో ట్యూనరు ముల్లు పచ్చబడకముందే
బిర్ర తిప్పడం ఆపి, "వచ్చేసింది" అంటాడు.
ఎట్లా తెలిసిందీ?
"తెగబోయే ముందు తీగ గొంతు మారుద్ది మేడం.
అది కనిపెట్టకపోతే పూసలు తుపాకీ గుండ్లే.
మా కొనకనమిట్ల కుర్రోడు కనిపెట్టలా."
ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు.
నేనూ పాఠం చెప్పలేదు.

పదకొండేళ్లుగా నేర్పుతున్నాను.
ఒంగోలు చర్చిలో యేసుపాదం అంకుల్
ఊరికే ఇచ్చిన నాలుగు కార్డుల్ని
నెలకు ఎనిమిది వందలకి అమ్ముతున్నాను.
పిల్లలు సినిమా పాటలడుగుతారు. ఇస్తాను.
నావంటూ ఉన్నవి
నోటుబుక్కు వెనక పేజీల్లో సగం సగంగా,
ఏ పెళ్లికీ పిలుపు అందని చుట్టాల్లా.

ఎఫ్ కార్డు ఆయనకి రాలేదు.
"ఎఫ్ లేకుండా పాట లేదా మేడం?"
లేదనబోయి, ఎందుకో
కిటికీ వేయడానికి లేచాను.

కార్తీకంలో ముసురు పట్టిన సాయంత్రం
తనే ఒకటి కట్టుకొచ్చాడు.
మూడు స్వరాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ:
మందు పేల్చే ముందు మోగే సైరను.
ఆ తర్వాత ఏమీ లేదు.
ఆ తర్వాత లావుతీగ ఒక్కటే, అరచేత్తో నోరు మూసి.

"మధ్యలో నాలుగు దెబ్బలు లెక్కపెట్టు" అన్నాను,
కాలితో తాళం చూపిస్తూ.
"సైరను మోగినాక ఎవురూ లెక్కపెట్టరు మేడం.
ఎదురుచూస్తారు."

మళ్లీ వాయించాడు.
మూడు స్వరాలెక్కి ఆగాడు.
కింద టైరు మీద సుత్తి పడింది.
పొదిలి బస్సు వెళ్లింది.
గోడ మీది బల్లి ఇంకో జానెడు జరిగింది.
నా కాలు గాల్లోనే ఉంది, దించాలని తోచలేదు.
అప్పుడు కొట్టాడు లావుతీగని.

ఫీజు రోజున డబ్బుతో పాటు
కాగితంలో చుట్టి ఇంకోటి తెచ్చాడు.
మిగులు బెడ్డని ఎనిమిది రాత్రులు అరగదీసి
గోరంత పలచన చేసిన నల్లరాయి.
లోపల అక్కడక్కడా బంగారు రవ్వలు.
నేను పిక్ అన్నాను.
ఆయన "పలుకు" అన్నాడు.

రెండో మీటుకే సన్నతీగ తెగి
నా చెంప మీద గీత గీసింది.
మాలకొండయ్య నవ్వడం అదే చూడ్డం.
"పొద్దస్తమానం తీగే రాయిని కోసుద్ది గదా మేడం,
రాయి ఇవాళ బాకీ తీర్చుకుంది!"

కొత్త తీగ డబ్బాలో ఉంది. వేయలేదు.
మిగిలిన ఐదింటితోనే
వెనక పేజీలోంచి నా సగం ఒకటి తెచ్చి
ఆయన ఆగిన చోటు పక్కన పెట్టాను.

అతకలేదు.
వచ్చే సోమవారం
ఇంకాస్త జరిపి పెట్టి చూస్తాం.